బొత్తాల డబ్బాలో వేళ్ళు

పెద్దక్కకు కోపం వస్తే అరవదు. చేతిలో ఉన్న పనినే ఇంకాస్త శ్రద్ధగా చేస్తుంది. ఆ శుక్రవారం పొద్దున ఆమె తన క్యారేజీ గిన్నెను మూడుసార్లు తోమింది. మూడోసారికి మొగుడు కుట్టుమిషను ఆపి, చిల్లు పడేదాకా తోముతావా అని అడిగాడు. ఆమె గిన్నె బోర్లించి, అలమరలోంచి అతని బొత్తాల డబ్బా తీసి సంచిలో పెట్టుకుంది. అందులో ఏముందో ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం అయిదింటితో గడువు అయిపోతుంది. ఈలోగా తేలకపోతే పెద్దక్క రేడియో అని పిలిచే పిల్ల ఉద్యోగం పోయినట్టే.

పెద్దక్క కోల్డ్ స్టోరేజీలో చేరి ఇరవై ఒక్కేళ్ళు. గడ్డకట్టించిన బఠాణీలు, మొక్కజొన్న గింజలు, చేపముక్కలు పెట్టెల్లో వస్తాయి, పెట్టెల్లో పోతాయి. లోపల సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుంది. ఆమె పక్క వరసలో పనిచేసే ముప్పై ఏళ్ళ ఆ పిల్లకు రేడియో అని పేరు పెట్టింది అందుకే: ఆ పిల్ల ప్రసారం చెవులకు వినపడ్డమే కాదు, పొగై కళ్ళకూ కనపడేది, ఎప్పుడూ ఆగేది కాదు.

మొన్నటిదాకా లెక్కకు గోడమీద ఒక చెక్కపలక ఉండేది. వరసకొక మేకు, మేకుకు కొయ్యబిళ్ళలు. పెట్టె వస్తే బిళ్ళ తగిలించాలి, పోతే తీసెయ్యాలి. అది చేయించిన పాత స్టోర్ కీపరు ముందు వారం రోజులు తలుపు దగ్గర నిలబడి వీళ్ళ చేతుల్నే చూశాడట. బిళ్ళలు ఇంత లావెందుకని అడిగినవాళ్ళకు, చేతి తొడుగుల్ని అడగమని చెప్పేవాడు. అతను రిటైరయ్యాడు, పలక సామాన్ల గదిలోకి వెళ్ళింది. మనిషికొకటి చొప్పున, మణికట్టుకు కట్టుకునే అరచేయంత తెర వచ్చింది.

పెట్టెకు మూడుసార్లు ఆ తెరను తాకాలి. రెండు నిమిషాలు తాకకపోతే అది ఎర్రబడి "పనిలో లేరు" అని చూపిస్తుంది. చేతుల్లో ఇరవై కిలోల పెట్టె ఉన్నా అదే మాట. రోజులో మూడుసార్లు ఎర్రబడితే హాలు గోడమీది పెద్ద తెరకు పేరెక్కుతుంది. అంతా బాగానే ఉంది గాని, లావు తొడుగు వేసుకున్న వేలును ఆ తెర వేలుగా ఒప్పుకోదు. మొదటి ఎనిమిది రోజులూ ముప్పై నలుగురి పేర్లూ గోడమీదే ఉన్నాయి. ఫిర్యాదు చెయ్యాలంటే దానికీ ఆ తెరే దిక్కు. పగిలిందా, చార్జింగ్ లేదా, సిగ్నల్ లేదా, ఇతరమా అని అడుగుతుంది. ఇతరం అంటే వివరం టైపు చెయ్యమంటుంది. టైపు చేస్తుంటే ఎర్రబడుతుంది.

తొమ్మిదో రోజు పెద్దక్క తన కుడిచేతి తొడుగుకు చూపుడువేలి కొస కత్తిరించుకుంది. అంచు ఊడిపోకుండా మొగుడు కుట్టిపెట్టాడు. అది చూసి రేడియో తనదీ ఇచ్చింది. వారం తిరిగేసరికి పెద్దక్క అందరివీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే చెయ్యి అతనిది. కంపెనీయే అలా తయారుచేసిందేమో అన్నంత నీటుగా వచ్చాయి. తీసేసిన కొసల్ని అతను అలవాటుగా డబ్బాలో వేశాడు. దర్జీ ముక్క పారెయ్యడు.

నాలుగు నెలలు గోడ ఖాళీగా ఉంది. తర్వాత చలికి రేడియో వేలికొస తెల్లబడింది, మొద్దుబారింది. పదిరోజులు ఎవరికీ చూపించకుండా దాచింది. చూపించేనాటికి నల్లబడింది. శనివారం మొదటి కణుపు తీసేస్తామన్నాడు డాక్టరు. ఆస్పత్రి మంచం దగ్గరికే నోటీసు వచ్చింది: రక్షణ తొడుగును కావాలని పాడుచేసుకున్నందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తియ్యకూడదో శుక్రవారంలోగా చెప్పాలి. పెద్దక్క వెళ్ళి కూర్చుంటే రేడియో గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. జవాబులో ఇది ఎవరు నేర్పారని రాయమంటావక్కా, అని మాత్రం అంది.

ఆ మాట అని రెండు రోజులైంది; శుక్రవారం పెద్దక్క సంచి తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

మేనేజరు గది వెచ్చగా ఉంది. ఆ తెరలు తయారుచేసిన కంపెనీ ఇంజనీరు కూడా వచ్చి కూర్చున్నాడు. అతను మర్యాదగానే మాట్లాడాడు. ఆరువారాలు ఆఫీసులో పరీక్షించామన్నాడు, ఇక్కడినుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదన్నాడు. రోజుకెన్ని పెట్టెలు లెక్కకెక్కాయో కాగితంమీద ఒక గీత గీసి ఉంటే చూపించాడు. మొదట్లో కింద పాకి, ఒక్కసారిగా లేచి, చివరిదాకా పైనే ఉంది.

"మొదట్లో ఎవరికైనా కష్టమేనమ్మా. తర్వాత అలవాటైపోయింది, చూడండి."

పెద్దక్క డబ్బా మూత తీసి, గీత లేచినచోట బోర్లించింది. నల్లటి తొడుగు కొసలు, నాలుగైదు బొత్తాలతో సహా, కాగితంమీద కుప్పపడ్డాయి.

"అలవాటు కాదు బాబూ. ఇవి."

మేనేజరు ఒకటి తీసి వేలికి పెట్టుకుని చూసి, చప్పున తీసేశాడు.

"ముప్పై నాలుగున్నాయి. మొదటిది నాది," అంది పెద్దక్క. "మిగతావాళ్ళవి మా ఇంట్లోనే కుట్టించాను. నోటీసు నాకివ్వండి. లేదంటే ముప్పై నలుగురికీ ఇవ్వండి. ఆస్పత్రిలో పడున్నదానికి ఒక్కదానికే ఇస్తే ఊరుకోను."

ఇంతమంది నోరు మూసుకుని ఎందుకున్నారని మేనేజరు గొణిగాడు. ఆమె తన తెర విప్పి అతని ముందు పెట్టి, మీరే ఫిర్యాదు రాయండి సార్, రెండు నిమిషాల్లో, అంది. అతను దాన్ని ముట్టుకోలేదు.

ఇంజనీరు మాత్రం లేచి తొడుగులు అడిగాడు. కొత్తజత, కొయ్యనివి. ఆమె వెంట లోపలికి వెళ్ళాడు. మొదటి పెట్టెకే తెర పలకలేదు. నాలుగో పెట్టెకు ఎర్రబడింది. ఏడోదానికి అతను కుడి తొడుగును పళ్ళతో పట్టి లాగేసి, ఉత్తి వేలితో తెరను పొడవడం మొదలుపెట్టాడు. పొడిచాక తను చేసిందేమిటో తనకే తెలిసి ఆగిపోయాడు.

"వేసుకోండి బాబూ," అంది పెద్దక్క. ఆమె గొంతులో జాలి లేదు. "తెర ఇంకోటి తెచ్చుకోవచ్చు."

బయటికి వచ్చాక, తొడుగుతోనే నొక్కగలిగే లావు మీట పెడతామని, అందుకు రెండు నెలలు పడుతుందని అతను చెప్పాడు. అప్పటిదాకా ఎలా అని మేనేజరు అడిగేలోగానే ఆమె పాత పలక ఉన్న సామాన్ల గది తాళం అడిగింది.

నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిన కాగితం వచ్చేదాకా ఆమె మేనేజరు గదిలోంచి కదల్లేదు. ఫోన్లో చెప్తాం అంటే కుదరదంది. రేడియో పేరు, తేదీ, సంతకం అన్నీ చూసుకుంది. అప్పటికి నాలుగూ నలభై.

కొసలు తన దగ్గర ఉంచుకుంటానన్నాడు ఇంజనీరు. ఉంచుకోమంది. బొత్తాలు ఏరి, డబ్బా సంచిలో పెట్టుకుంది.

ఆస్పత్రిలో రేడియో ఆ కాగితాన్ని ఎడమచేత్తో పట్టుకుని రెండుసార్లు చదివింది. చదివి, ఇందులో రేపు పోయే నా వేలి సంగతి ఎక్కడా లేదేంటక్కా అని అడిగింది.

పెద్దక్క మంచం పక్కనున్న నీళ్ళగ్లాసు తీసుకుని, కుళాయి దగ్గరికి వెళ్ళి, కడగడం మొదలుపెట్టింది.