జట్కా సాయిబు తడిపిన చొప్ప

పోయిన శ్రావణం మూడో సోమవారం, పొద్దున ఏడు గంటలకు, జట్కా సాయిబు ముసలి గుర్రం మళ్లా మేత ముట్టింది.

ఆదోనిలో సాయిబుది మా పక్కిల్లు. జట్కా మానేసి చానా ఏండ్లయినా గుర్రాన్ని అమ్మలేదు. దానికి దమ్ము జబ్బు, గిట్టల నొప్పి. దుమ్ము పడితే దగ్గుతాదని చొప్పను రోజూ నీళ్లలో ముంచి, వాసన చూసి పెడతాడు.

"కోడలికి గూడా ఇంత సేయలేదు కదప్పా" అని నేనంటే, "కోడలు దగ్గదు కదక్కా" అనేవాడు.

ఆయన పెండ్లాంతో చుట్టాల పెండ్లికని ఎమ్మిగనూరు పోతా మేత నాకప్పజెప్పినాడు. తడపకుంటే ఏమైతాదిలే అని ఎండు చొప్పే వేసినాను. తెల్లారేసరికి గుర్రం తల వాల్చేసింది, డొక్కలు ఎగరేస్తాంది. పశువుల డాక్టరు వచ్చి సూదేసి, "సోమవారానికి మేత ముట్టకపోతే కష్టమే" అన్నాడు.

కబురంది పరిగెత్తుకొచ్చిన సాయిబు నన్ను తిట్టలేదు. చొప్పకట్ట నా ముందర పడేసి, "తడుపక్కా" అన్నాడు. రెండు దినాలు తడిపినాను. గుర్రం మూతి తిప్పుకుంది.

సోమవారం నా చేతిలోది లాక్కొని నమిలింది. సాయిబు డొక్కకు చెవి ఆనించి ఊపిరి విన్నాడు. కళ్లెం లేకుండానే దాన్ని వీధిలోకి నడిపించుకొచ్చి, "సూడండప్పా నా గుర్రాన్ని" అని అందరికీ వినబడేట్టు అరిచినాడు.

ఆ పొద్దు ఆడ ఉన్నది సాయిబు, ఆయన పెండ్లాం, మళ్లా సూడనీకొచ్చిన డాక్టరు, తప్పు చేసిన నేను, నములుతాన్న గుర్రం.