తాత దగ్గర పెట్టిన ఎర్రచుక్క

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు తొందర టీచరు. గంట మోగడం ఆగేలోపే తరగతిలో ఉండేది. సగం వాక్యం నోటితో, మిగతా సగం చేత్తో చెప్పేది. ఇంట్లో భర్త కూడా, "మా ఆవిడకి పాలు పొంగేదాకా ఆగే ఓపిక ఉండదు, పాలనే తొందరపెడుతుంది" అని వచ్చినవాళ్ల దగ్గర నవ్వేవాడు.

ఆ తొందర వల్ల బడికి చాలాకాలం మేలే జరిగింది. రెండో తరగతి గది పైకప్పు కారడం మానిందన్నా, ఎండిపోయిన కుళాయిలో మళ్లీ నీళ్లు పడ్డాయన్నా ఆవిడ చలవే. ఆఫీసులకి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా, పని అయ్యేదాకా బల్ల ముందు నిలబడేది. హెడ్మాస్టరు ఏది అడిగినా "చూద్దాంలే అమ్మా" అనేవాడు. "నేను చూసేశాను సార్, ఇక చేద్దాం" అనేది ఆవిడ.

ఆ ఏడు ఆవిడ నాలుగో తరగతికి చెబుతోంది. 'మన వీధి' అని ఒక పాఠం వచ్చింది. పుస్తకంలో తపాలా పెట్టె బొమ్మ, దీపస్తంభం బొమ్మ ఉన్నాయి. ఆవిడ పుస్తకం మూసేసింది.

"బొమ్మలెందుకు, అసలు వీధే బయట ఉందిగా! వెళ్లి చూద్దాం. ఎవరికో ఒకరికి కష్టంగా ఉన్నదేదో కనిపెట్టండి. దాన్ని మనమే మారుద్దాం."

పిల్లలకి వెతుక్కునే పని లేకపోయింది. వాళ్ల తరగతిలోనే పిచ్చుక ఉంది. చిన్నప్పటినుంచీ ఒక కాలు సత్తువ లేక, చంకలో కర్ర పెట్టుకుని గెంతుతూ నడిచేది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ పిల్లకీ ఆ పేరంటే ఇష్టమే. వాళ్ల ఇల్లు వీధికి ఆ చివర, బడి ఈ చివర. కాలిబాట మీద అడుగడుగునా ఏదో ఒకటి అడ్డం. అడ్డం వచ్చినప్పుడల్లా పిచ్చుక రోడ్డు మీదికి దిగాలి. రోడ్డు మీద లారీలు.

"పిచ్చుక కోసం బాట ఖాళీ చేయిద్దాం టీచర్!" అని తరగతంతా ఒక్కసారే అరిచింది. పిచ్చుక సిగ్గుపడి బల్ల కిందికి చూసింది.

నాలుగు చార్టులు అతికించి వీధి మొత్తం పటం గీశారు. అడ్డం ఉన్నచోటల్లా ఎర్రరంగుతో చుక్క. కొత్తగా కడుతున్న మేడ ముందు ఇసుక కుప్పకి ఒకటి. మందుల షాపు బోర్డుకి ఒకటి. బట్టల కొట్టు ముందు మోటారు సైకిళ్లకి ఇంకొకటి. వీధి మధ్యలో, గోడ నీడన, చెప్పులు కుట్టే తాత ఉన్నాడు. ఆయనకో చెక్కపెట్టె, నెత్తిన గుడ్డ పందిరి, పక్కన పొట్టి పీట. అక్కడికి వచ్చేసరికి కుంచె పట్టుకున్న పిల్ల ఆగిపోయింది.

"టీచర్, తాతక్కూడా పెట్టాలా?"

సాయంత్రంలోగా పటం వార్డు ఆఫీసుకి చేరాలని టీచరు హడావుడిలో ఉంది. "తాతైనా మామయ్యైనా అడ్డం అడ్డమే. పెట్టమ్మా, రంగు ఆరాలి."

పిల్లలంతా నవ్వారు. పిచ్చుక ఓ మూల కూర్చుని చెట్లకి ఆకుపచ్చ రంగు వేస్తోంది. తల ఎత్తలేదు.

వార్డు ఆఫీసరు పటం చూసి ముచ్చటపడ్డాడు. పిల్లల్ని తన చుట్టూ నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. "పెద్దవాళ్లకి తట్టని పని మీకు తట్టింది. వారంలో చూపిస్తా" అన్నాడు. తిరుగుదారిలో పిల్లల కాళ్లు నేల మీద లేవు. టీచరు కాళ్లూ లేవనే చెప్పాలి.

అన్నట్టే వారంలోపు ఆఫీసరు, పనివాళ్లతో లారీ వచ్చింది. మధ్యాహ్నం అన్నాల వేళ. పిల్లలు చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా గేటు దగ్గరికి పరుగెత్తి చప్పట్లు మొదలుపెట్టారు. ఇసుక కుప్ప దగ్గర మేడ ఆసామి ఎవరికో ఫోను కలిపి ఆఫీసరు చేతికిచ్చాడు. ఆఫీసరు "అలాగే సార్, అలాగే" అని ముందుకి నడిచాడు. మోటారు సైకిళ్లవాళ్లు బళ్లు తీసి పక్క సందులో పెట్టుకున్నారు. మందుల షాపాయన బోర్డుని లోపలికి లాక్కున్నాడు. తాతకి ఫోను చెయ్యడానికి ఎవరూ లేరు, లాక్కోవడానికి లోపలంటూ లేదు. పందిరి గుంజలు పీకేశారు. చెక్కపెట్టె ఎత్తారు.

"మెల్లగా బాబూ, అందులో సూదులున్నాయి. చెల్లాచెదురైతే మళ్లీ దొరకవు" అని మాత్రం అన్నాడాయన.

గేటు దగ్గర చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. టీచరు పిల్లల్ని లోపలికి పొమ్మంది. ఆ పూట ఏ పాఠం చెప్పిందో తర్వాత ఆవిడకి గుర్తులేదు.

మర్నాడు పిచ్చుక బడికి ఆలస్యంగా వచ్చింది. ముఖమంతా చెమట. ఆ మర్నాడూ అంతే.

"ఏమ్మా, ఇప్పుడు దారి బాగుందిగా?" టీచరు పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"మధ్యలో ఆగడానికి లేదు టీచర్."

"ఎక్కడ ఆగేదానివి?"

"తాత దగ్గర. ఆ పీట నా కోసమే వేసేవాడు. కూర్చుని కాసిని నీళ్లు తాగి వచ్చేదాన్ని. ఆయన నక్క కథ చెప్పేవాడు. అది ఇంకా అవలేదు."

"మరి చుక్క పెడుతున్నప్పుడే చెప్పొచ్చు కదే తల్లీ!"

పిచ్చుక కర్ర చివర్ని చూసుకుంది. "అందరూ నా కోసమే కష్టపడుతున్నారు కదా టీచర్. వద్దంటే బాగోదనిపించింది."

టీచరుకి అప్పుడు తట్టింది. దారి కోసం వీధంతా తిరిగి పటం గీశారు. ఆ దారిన రోజూ నడిచే పిల్లని అడగలేదు. ఆ దారి మీద కూర్చున్న మనిషిని అడగలేదు. అడగండర్రా అని చెప్పాల్సింది తనే.

సెలవురోజున భర్తని వెంటబెట్టుకుని వెతికితే, బస్టాండు వెనక కూరగాయల మార్కెట్టు గోడవార కనిపించాడు తాత. పందిరి లేదు. ఎండ సూటిగా పడుతోంది. ఆవిడని గుర్తుపట్టి లేవబోయాడు.

"మీరు కూర్చోండి. నా వల్లే మీకు ఇలా అయింది" అంది ఆవిడ.

"అంత మాటెందుకు టీచరమ్మా. పిల్లలకి దారి కావాలి, నిజమే కదా." చేతిలో చెప్పుని అటూ ఇటూ తిప్పాడు. "కాకపోతే ఒక్కమాట నాతో అనుంటే, పెట్టె నేనే గోడకి ఆనించుకునేవాణ్ణి. ఆ పిల్ల నడవడానికి సరిపోయేది."

ఆయన కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేదనుకుంది ఆవిడ.

"మళ్లీ వచ్చెయ్యండి, నేను ఆఫీసులో మాట్లాడతాను."

"మాట్లాడండి. రానిస్తే చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' హెడ్మాస్టరు అన్నట్టు దాటెయ్యడానికి అన్నది కాదు.

ఆఫీసరు కుర్చీ చూపించాడు. ఎప్పుడూ నిలబడే మనిషి ఆవేళ కూర్చుంది. "తీసెయ్యమన్నదీ మీరే, పెట్టమన్నదీ మీరేనా మేడం? పటం ఇంకా గోడ మీదే ఉంది చూడండి" అని నవ్వాడు. ఆవిడ మూడుసార్లు తిరిగింది. పైకప్పు వేయించిన మనిషికి ఈ పని మాత్రం అవలేదు.

జరిగిందంతా ఆవిడ తరగతిలో దాచకుండా చెప్పింది. "తప్పు చుక్క పెట్టినవాళ్లది కాదు, పెట్టమన్న నాది" అంది. పిల్లలు ఊరుకోలేదు. మందుల షాపాయన దగ్గరికి గుంపుగా వెళ్లారు. ఈసారి వెంట పిచ్చుకని తీసుకెళ్లి, ఆమె చేతే మాట్లాడించారు. ఆయన గుమ్మం లోపల ఒక కుర్చీ వేయించాడు. ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చన్నాడు. అదీ చిన్న పనేం కాదు.

"కుర్చీ మెత్తగా ఉంటుంది టీచర్. కానీ అక్కడ అందరూ జబ్బుల గురించే మాట్లాడుకుంటారు" అంది పిచ్చుక.

ఇసుక కుప్ప మేడ పూర్తయ్యేదాకా అక్కడే ఉంది. మోటారు సైకిళ్లు లారీ వచ్చి వెళ్లిన మర్నాటికే తిరిగొచ్చేశాయి, తాత ఖాళీ చేసిన చోట కూడా రెండు ఆపుకున్నారు.

వార్షిక పరీక్షలయ్యాక టీచరు పిచ్చుకని తీసుకుని మార్కెట్టుకి మళ్లీ వెళ్లింది. తాత చేత నక్క కథ చివరిదాకా చెప్పించాలని. గోడవార ఎవరో తాళాలు అమ్ముతున్నారు. "ఎండ తట్టుకోలేక కూతురి దగ్గరికి వెళ్లిపోయాడమ్మా. ఏ ఊరో చెప్పలేదు" అన్నాడతను.

తర్వాత ఆవిడ చాలా ఏళ్లు పనిచేసింది. పిల్లల్ని ఏటా వీధిలోకి తీసుకెళ్లడం మానలేదు. కాకపోతే అడగాల్సినవాళ్లందరినీ అడిగి వచ్చేదాకా రంగుడబ్బా మూత తియ్యనిచ్చేది కాదు. కొత్తగా వచ్చిన టీచర్లు ఆవిడది మరీ నిదానమని విసుక్కునేవాళ్లు. ఆవిడ నవ్వేసి, పిల్లల్ని ఇంకోసారి అడిగి రమ్మనేది. ఆ రోజు మార్కెట్టు నుంచి తిరిగి వస్తూ, "నక్క చివరికి ఏమైందో మీకు తెలుసా టీచర్?" అని పిచ్చుక అడిగితే, తెలియదని చెప్పడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాననే బాధ మాత్రం భర్త దగ్గర ఎన్నోసార్లు చెప్పుకుంది.