ల్యాప్‌టాప్ అలిగిన శనివారం

మోంటానాలోని ఆ లోయలో స్క్వేర్ డాన్స్ అంటే నార్బర్ట్ హాగెన్ పేరే చెబుతారు. వారమంతా పశువుల కంచెలు బిగించుకునే మనిషే గాని, శనివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడిగి రైతుల హాలు వేదికెక్కాడంటే ఇక ఆయన ముందు ఎవరూ ఆగరు. కింద నాలుగేసి జంటలు చదరాలుగా నిలబడతాయి. నార్బర్ట్ పాడుతూ అడుగులు చెబుతుంటే జోడీలు మారుతూ తిరుగుతాయి. ఎవరి పెళ్లాం ఎవరి చేతిలో ఉందో తెలియనంతగా అందర్నీ కలిపేసి, చివరికి మళ్లీ ఎవరి జోడీని వాళ్లకి అప్పగించాలి. దాన్ని వాళ్లు ఇల్లు చేర్చడం అంటారు. కలిపేయడం ఎవడైనా చేస్తాడు, మొనగాడితనమంతా ఇల్లు చేర్చడంలోనే ఉంది.

ఆ మొనగాడితనం కొన్నేళ్లుగా నార్బర్ట్‌ది కాదు, ల్యాప్‌టాప్‌ది. అందులో ఒక యాప్ ఉంది. పాట అదే వాయిస్తుంది, ఏ జంట ఎక్కడుందో రంగు చుక్కల్లో అదే చూపిస్తుంది, ఎప్పుడు ఏ అడుగు చెప్పాలో కూడా అదే రాసిస్తుంది. ఆయన చదివేస్తాడు, జనం చప్పట్లు కొడతారు. ఈ గుట్టు భార్య లవాన్‌కి ఒక్కదానికే తెలుసు. వేదిక మీద ఉండే వాడి భార్యకి జోడీ ఎక్కడ దొరుకుతాడు? ఆవిడ కాఫీ బల్ల దగ్గర కూర్చుని రూబార్బ్ పైలనే తీపి రొట్టెలు కోస్తూ, మొగుడి పరువు కాస్తూ కాలక్షేపం చేసేది.

ఆ శనివారం కనుమ అవతలి డాన్స్ క్లబ్బు వాళ్లు చూసి, తామూ ఆడిపోదామని వచ్చారు. గిట్టని వాళ్లు కాదుగాని, ఇక్కడ ఏదైనా తప్పు జరిగితే శీతాకాలమంతా చెప్పుకుని నవ్వుకునే రకం. వాళ్ల ముందు నార్బర్ట్ దర్జాగా ల్యాప్‌టాప్ తెరిచి యాప్ నొక్కాడు. అది తెరుచుకోలేదు. మీరెవరో నిర్ధారించుకోవాలి, ఇంటర్నెట్‌కి కలపండి, అని తెర మీద వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట.

"ఈ లోయలో నేనెవరో తెలియనిది దీనికొక్కదానికే!" అని పళ్లు నూరాడు.

పాపం, మధ్యాహ్నం ఇంట్లో పెట్టి చూసుకునే వచ్చాడు. వంటింట్లో చక్కగా పాడింది. వంటింట్లో ఇంటర్నెట్ ఉంది, హాల్లో లేదు. ఎందుకు లేదంటే, కిందటి నెల సమావేశంలో లేచి నిలబడి తీసేయమన్న మహానుభావుడు నార్బర్టే; ఈ వారమే తీగ పీకేశారు. ఆ సంగతి గుర్తు చేయడానికి కాఫీ కాచే మెర్ల్ ఉండనే ఉన్నాడు.

"గంతులేసే కాళ్లకి ఇంటర్నెట్ ఎందుకయ్యా అన్నావు కదరా! మేమంతా చేతులెత్తాం కూడాను."

"తెలుసులే, గట్టిగా అరవకు. వాళ్లు వింటారు."

ఫోనులో సిగ్నల్ రావాలంటే శ్మశానం దాటి కొండెక్కాలి. మెర్ల్ ల్యాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని ట్రక్కెక్కాడు. ఈలోగా కనుమ అవతలి వాళ్లు కాళ్లతో నేల తట్టడం మొదలుపెట్టారు. నార్బర్ట్ కిటికీలోంచి కొండ వైపు చూశాడు. మిషన్ లేకుండా ఇల్లు చేర్చి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

ఒక చదరంలో ఒక మనిషి తక్కువైంది. భార్య పోయిన డెల్మార్ ఒంటరిగా నిలబడి, జోడీ కావాలని వేలెత్తి చూపిస్తున్నాడు. అందరూ లవాన్ వైపు చూశారు. ఆవిడ చేతులు తుడుచుకుని లేచింది.

"మీ చప్పట్లే ఇవాళ సంగీతం!" అని ప్రకటించి నార్బర్ట్ పాట అందుకున్నాడు. మొదట బాగానే సాగింది. హుషారెక్కి జోడీలు మార్చాడు, మళ్లీ మార్చాడు, ఇంకోసారి మార్చాడు. అంతే, ఎవరెవరి జోడీలో కాస్తా మర్చిపోయాడు. ఏమీ తోచక అందర్నీ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగమన్నాడు. వాళ్లు తిరుగుతూనే ఉన్నారు.

"కళ్లు తిరుగుతున్నాయి గురూ, మా ఆవిణ్ణి ఎప్పుడిస్తావ్?" అని అరిచాడు కనుమ అవతలి ఆయనొకడు. హాలంతా గొల్లున నవ్వింది.

ఆ నవ్వులో నార్బర్ట్ కళ్లకి లవాన్ కనబడింది. అన్ని గాగరాలూ ఒకేలా తిరుగుతున్నా, ఎడమ మోకాలు నొప్పితో చిన్నగా ఎగిరేసే ఆ అడుగు ఆవిడదే. అన్ని చదరాలూ వేస్తున్నవి అవే అడుగులు. ఒక చదరంలో జోడీ కలిస్తే మిగతావాళ్లూ కలిసినట్టే. ఇక ఎవర్నీ చూడలేదు. ఆవిణ్ణే చూస్తూ కుడి చెయ్యన్నాడు, ఎడమ చెయ్యన్నాడు, ముందుకన్నాడు. చివరి పిలుపుకి లవాన్ వెళ్లి డెల్మార్ పక్కన నిలబడింది. చుట్టూ అందరూ ఎవరి జోడీ పక్కన వాళ్లు తేలారు. హాలు దద్దరిల్లింది.

నార్బర్ట్‌కి ప్రాణం లేచొచ్చింది. సొంత పెళ్లాన్ని చెమటోడ్చి ఇంకొకడి చేతిలో పెట్టానన్న సంగతి ఆ తర్వాత తట్టి, కాస్త చురుక్కుమంది కూడా.

మెర్ల్ రొప్పుతూ వచ్చాడు. "కొండ మీద తెరుచుకుందిరా! ఇంద, వాయించు."

"అక్కడ పైల పక్కన పెట్టు."

ఆ సాయంత్రమంతా అలాగే నోటితోనే నడిపించాడు. లవాన్ కూడా మళ్లీ కాఫీ బల్ల దగ్గరికి పోలేదు, డెల్మార్‌తోనే ఆడింది. రెండుసార్లు తప్పి, ఎవరి భార్యలో ఎవరి దగ్గరో మిగిలిపోతే, "ఈ పాటకి సర్దుకోండమ్మా," అన్నాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ట్రక్కులో లవాన్ బూట్లు విప్పి కాళ్లు చాపుకుంది.

"డెల్మార్ బాగా ఆడతాడు."

"నేను చూడలేదు."

"ఎదురుగా నిలబడి చూడలేదా?"

"నిన్ను చూస్తున్నాను. చూపు తిప్పితే కొంప మునిగేది."

లవాన్ ఎడమ మోకాలు రుద్దుకుంది. తర్వాత మెల్లగా అంది. "నువ్వు మైకు పట్టాక నేను ఆడుతుంటే చూడ్డం ఇదే మొదలు. మరి ఎలా ఆడానో చెప్పలేదు."

నార్బర్ట్ టోపీ కాస్త కిందికి లాక్కున్నాడు.

"ఆ రెండుసార్లూ నిన్నే చూస్తూ కూడా ఎందుకు తప్పాననుకున్నావ్?" అన్నాడు రోడ్డు వైపే చూస్తూ.