ఆ రోజు అంకె బాగుంది

రాజమండ్రిలో ఒక గుండె డాక్టరు గారి దగ్గర ఈసీజీలు తీయడం నా పని. పద్దెనిమిదేళ్లయింది. ఎంతమంది ఛాతీ మీద ఆ చల్లటి జెల్లు రాసి ఉంటానో లెక్కలేదు. మా అమ్మాయికి రాయాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మా ఇల్లు రావులపాలెంలో. అమ్మాయి రాజమండ్రిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్లం. ఆ రోజు బస్సు బ్రిడ్జి మీదికి వచ్చిందో లేదో, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాని అరచెయ్యంతా చెమట.

"అమ్మా, గుండె ఆగిపోయేలా ఉంది. దిగిపోదాం."

"బ్రిడ్జి మీద ఎలా దిగుతామే? కాస్త ఓర్చుకో, జొన్నాడ వచ్చేస్తోంది."

జొన్నాడలో దిగి, ఆటో మాట్లాడుకుని తిన్నగా క్లినిక్కి తీసుకెళ్లాను. పద్దెనిమిదేళ్ల అలవాటున్నా, ఆ రోజు ఒక లీడు వైరు తప్పు చోట పెట్టి, మళ్లీ తీసి పెట్టాను. కాగితం బయటికొచ్చింది. కొంచెం వేగం తప్ప ఏమీ లేదు. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

డాక్టరు గారు కాగితం చూసి పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"నిద్ర పడుతోందా అమ్మా?"

అది ముందు నా వైపు చూసింది. తర్వాతే "పడుతోందండి" అంది.

దాన్ని బయట కూర్చోబెట్టి నాతో అన్నారు. "గుండెకి జబ్బేమీ లేదు. కానీ పిల్ల ఎన్నాళ్లుగా భయపడుతోందో కనుక్కో. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త తొందరపడాలి, వదిలినప్పుడు కాస్త నిదానించాలి. ఆ హెచ్చుతగ్గులు ఉండటమే మంచిది. దిగులుతో, బెంగతో ఉండే కుర్రవాళ్లలో అవి తగ్గడం చాలాసార్లు చూస్తాం. అయితే ఈ కాగితం ముక్క చూసి ఆ మాట చెప్పలేం. ఏ కొలతా చూసి చెప్పలేం. పిల్లని అడగాలి. ఒకసారి మానసిక వైద్యుడికి చూపించు."

ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన చెప్పినదాంట్లో నేను సగమే విన్నాను. మానసిక వైద్యుడు అనేసరికి, బంధువులకి తెలిస్తే ఏమనుకుంటారో అనే దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. హెచ్చుతగ్గులని కొలవచ్చన్న మాట మాత్రం పట్టుకున్నాను.

మావారు అరటి మార్కెట్లో లారీల లోడింగు చూస్తారు. ఆయనకి చెబితే ఫోన్లో స్మార్ట్‌వాచ్ ఆర్డరు పెట్టారు. రాత్రి పెట్టుకుని పడుకుంటే, గుండె చప్పుళ్ల మధ్య తేడా ఎంతుందో తెల్లారేసరికి ఫోన్లో ఒక అంకెగా చూపిస్తుంది.

ఇక అక్కడి నుంచి నా పొద్దులన్నీ ఆ అంకెతోనే మొదలయ్యేవి. పళ్లు తోముకోకముందే అమ్మాయి ఫోను చూసేదాన్ని. అంకె తగ్గితే "ఈ రోజు కాలేజీకి వద్దులే" అనేదాన్ని. కాఫీ మాన్పించాను. ఎదురుగా కూర్చుని "పీల్చు, వదులు" అంటూ ఊపిరి తీయించాను. అది ఎదురు మాట్లాడకుండా అన్నీ చేసేది. స్నేహితురాళ్లు ఫోను చేస్తే తీసేది కాదు. పెట్టింది తినేది, చెప్పినప్పుడు పడుకునేది. మాట వింటోంది కదా, కుదుటపడుతోందనే అనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున చూస్తే, వాచీ కొన్నాక ఎప్పుడూ లేనంత ఎక్కువగా ఉంది అంకె. రాత్రి నానబెట్టిన పెసలు గబగబా రుబ్బి, ఉల్లిపాయ, అల్లం వేసి పెసరట్టు పోశాను. అది సగం తిని ప్లేటు పక్కకి జరిపింది.

"అమ్మా, ఈ రోజు నంబరు బాగుందిగా. నువ్వు సంతోషంగా ఉన్నావు. చెప్పకూడదేమో."

"ఏంటే? చెప్పు."

"నాకు లేవాలని లేదమ్మా. ఈ రోజని కాదు. అసలు ఉండాలనే అనిపించట్లేదు."

పెనం మీద అట్టు మాడుతున్న వాసన వస్తున్నా లేవలేకపోయాను. అడగడానికే భయం వేసింది. అయినా అడిగాను. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

తల ఊపింది. "ఎన్నాళ్లుగా?" అంటే, "మొదటి సంవత్సరం పరీక్షల నుంచి. నువ్వు నంబరు అడుగుతావు గానీ, నన్ను అడగవు కదా" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

డాక్టరు గారికి ఫోను చేశాను. తనకి తెలిసిన మానసిక వైద్యురాలితో మాట్లాడి, వెంటనే తీసుకెళ్లమన్నారు. మావారు మార్కెట్ నుంచి చొక్కా నిండా అరటి బంక మరకలతో అలాగే వచ్చేశారు. అద్దె కార్లో ముగ్గురం వెనకే ఇరుక్కుని కూర్చున్నాం. దాని రెండు చేతులూ మా ఇద్దరి చేతుల్లో ఉన్నాయి.

ఆవిడ దానితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడారు. తర్వాత మమ్మల్ని పిలిచి, డిప్రెషన్, దాంతో పాటు ఆందోళన అని చెప్పారు. మందులు రాశారు, వారం వారం మాట్లాడటానికి రమ్మన్నారు. కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దన్నారు. "నా వల్లేనా అండీ?" అని అడిగాను. "ఒక్క కారణమంటూ ఉండదండి. మీకూ నిద్ర లేనట్టుంది, వచ్చేవారం మీతో కూడా మాట్లాడతాను" అన్నారు.

మందులు పట్టడానికి వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి మార్చారు. పరీక్షలు ఆ ఏడాదికి వదిలేసింది. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే "ఎలా ఉన్నావు?" అని అడగడం నేర్చుకున్నాను. "బాలేదు" అంటే, వెంటనే ఏదో ఒకటి చేసెయ్యకుండా పక్కన కూర్చోవడం నేర్చుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

మొన్న నేను వంటగదిలో అంట్లు తోముతుంటే ముందుగదిలోంచి అరుపులు వినిపించాయి. "నాన్నా, నా షాంపూ అంతా ఒంపేసింది నువ్వేనా? సబ్బుందిగా నీకు!" ఆయన ఏదో నసిగారు. అది ఇంకా గట్టిగా దెబ్బలాడింది. దాని గొంతు అంత పైకి లేచి ఏడాది దాటింది. నాకు నవ్వొచ్చింది.

కాసేపటికి అరుపులు ఆగాయి. కుళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడి, మళ్లీ మాట్లాడతారేమోనని వింటూ ఉన్నాను.