మా ఊళ్లో పళ్లు రాలగొట్టిన రోజు

మా అన్న కొడుకు సాలూరు ఘాటీలో లారీ నడిపేవాడు. తొంభైల చివర విశాఖపట్నంలో రక్తపరీక్ష చేయిస్తే హెచ్.ఐ.వి. ఉందని తేలింది. అప్పటికి ఆ మందులు మా కొండలకు రాలేదు. పట్నంలో కొనే తాహతు అతనికి లేదు. సంగతి నాకొక్కడికే చెప్పి, బయటపెట్టనని ఒట్టు వేయించుకున్నాడు. నేను డుంబ్రిగుడ ప్రాంతంలో బడిపంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. చూసినది ఏ రోజుకారోజు రాసిపెట్టుకోవడం నా అలవాటు కనుక, అతని జబ్బు నడిచిన తీరు వరుసగా చెప్పగలను.

మొదట పొద్దుటిపూట కళ్ల కింద ఉబ్బు. తరువాత పాదాలు, నొక్కితే వేలు దిగిన చోట గుంట పడేది. మూత్రం మీద సబ్బునురగ. ఆసుపత్రిలో ఆ మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి దీపం మీద కాచారు. పాలలా విరిగింది. ఒంట్లో నిలవవలసిన మాంసకృత్తులు ఇలా పోతున్నాయనీ, మందు పడకపోతే హెచ్.ఐ.వి. మూత్రపిండాలను కూడా పాడుచేస్తుందనీ ఒక డాక్టరు విడమరిచి చెప్పాడు. ఆయన పైఅధికారి మాత్రం మావాణ్ణి మంచం మీద కూర్చోనివ్వలేదు. గుమ్మంలోంచే వెళ్లగొట్టాడు.

ఊళ్లో ఉబ్బుకు ఒకటే అర్థం: చిల్లంగి. గిట్టనివారెవరో మంత్రం పెట్టారని. మావాడికి పిన్ని వరసయ్యే ఒక ముసలి వితంతువు జాలిపడి, మూత్రం సాఫీగా పోతుందని పిండికూర ఆకుల కషాయం కాచి ఇచ్చేది. ఊళ్లో సోదె చూసి మంత్రాలు విప్పే గురువు బియ్యపు గింజలు పరిచి చూసి, మంత్రం పెట్టింది ఆ కషాయం పోసిన చెయ్యే అన్నాడు.

సంతనాడు మధ్యాహ్నం, జీలుగు కల్లు తాగివచ్చిన మగవాళ్లు ఆమెను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు. ఒకడి చేతిలో గుండ్రాయి. పళ్లు లేని నోట మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. నేను అడ్డం వెళితే చెయ్యి మెలిపెట్టి నేలమీద పడేశారు.

"మేస్టారూ, నువ్వు తప్పుకో. పళ్లు రాలిపోతే ఇది ఇంకేటి సదువుతాది?"

"ఉన్నవే నాలుగు," అంది ముసలామె. "సామకూడే నమల్లేను. మంత్రమేటి నములుతానురా?"

"వాడికి కిడ్నీలు పాడైనాయిరా," అన్నాను.

"కిడ్నీలు మాకూ ఉన్నాయి. మేం ఉబ్బినామా?"

రాయి పడింది. మళ్లీ పడింది. రెండు పళ్లు రక్తంతో దుమ్ములో పడ్డాయి. మూడోసారి చెయ్యి ఎత్తేసరికి మావాడు తన ఇంటి అరుగు మీది గుంజ పట్టుకుని లేచాడు. నిలబడలేక దాన్నే కౌగిలించుకున్నాడు.

"వొగ్గేయండి. నాది ఎయిడ్సు. లారీల కాడ తగిలించుకున్నాను. ఉబ్బూ దానివల్లే. పిన్ని ఏటీ సెయ్యలేదు."

ముసలామెను వదిలేశారు. క్షమించమన్నవాడు లేడు. రాయి పట్టుకున్నవాడు దాన్ని మావాడి మీదికి విసిరాడు, కనుబొమ్మ చిట్లింది. తక్కినవాళ్లు అతని కుండలు పగలగొట్టి, పైకప్పు గడ్డి లాగేసి, ఊరి మంచినీళ్ల ఊట దగ్గరకు వస్తే కాళ్లు విరగ్గొడతామన్నారు. నోరు కొంగుతో అదుముకుని ఆమె వచ్చి అతని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"రండి. ఇంకా రెండు ఉన్నాయి," అంది.

ఎవరూ ముందుకు రాలేదు.

పోలీసులు వచ్చి సాక్షులెవరన్నారు. నేనొక్కణ్ణే లేచాను. ఒక్కడి మాట చాలదని, ఊరు ఊరంతా లేదంటోందని వెళ్లిపోయారు. ఒక్కడు చూస్తే నెత్తురు నెత్తురు కాకుండా పోతుందా అని వెళ్తున్నవాళ్ల వెనక అరిచాను.

వానలు పడేసరికి మావాడికి మూత్రం కట్టుకుపోయింది. ఊపిరి అందక పోయాడు. అప్పటిదాకా ఊట నీళ్లు మోసి, చోడి అంబలి కాచి పోసింది ఆమే. నమలలేక తానూ అదే తాగేది.

రాయి విసిరినవాడు ఇప్పటికీ సంతలో ఎదురై, "బాగున్నావా, మేస్టారూ?" అంటాడు. నేను ఆగకుండా సాగిపోతాను.