బొల్లారం మలుపులో కంకర

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలు రాస్తోంది.

మా ఆయన సైకిల్ రేసులు పెట్టించేవాడు. టీముకు మేనేజరు కూడా ఆయనే. రైల్వేలో ఉద్యోగం పేరుకే, ప్రాణమంతా ఆ రేసుల మీదే. ఎవరికి మోకాలు నొప్పో, ఎవరు పొద్దున తినకుండా వచ్చారో ఆయనకు తెలుసు. రైడర్ల కాళ్లకు నూనె రాసి పిసికేవాడు. నా మోకాళ్ల సంగతి మాత్రం తాను పోయేదాకా అడగలేదు.

మొదటి రేసులోనే బొల్లారం మలుపులో ఒక రైడరు పడి భుజం ఎముక విరిగింది. లారీల నుంచి రాలిన కంకర. వేలంత సన్నటి టైరు దాని మీద నిలుస్తుందా? మా ఆయన అందరి ముందూ నా మీద అరిచాడు.

"నిన్ను ఊడ్వమన్న గదా!"

ఆ మాట ఆయన నాతో అననే లేదు. అయినా చీపురు పట్టాను. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు, ప్రతి రేసుకూ ముందు ఆ మలుపు ఊడ్చింది నేనే. మళ్లీ అక్కడ ఎవరూ పడలేదు. పడనప్పుడు ఎందుకు పడలేదని ఎవరడుగుతారు?

ఆయన పోయిన ఏడాదికి, ఆయన పేరు మీద రేసు పెడుతున్నామని కొత్త నిర్వాహకులు మెట్టుగూడలో మా ఇంటికి వచ్చారు.

"మీరు స్టేజీ మీద కూసుంటే చాలమ్మా, శాలువా కప్పుతం."

"మలుపు ఎవరు ఊడుస్తున్రు?"

"గవన్నీ అయితయమ్మా, మీరు పరేషాన్ గాకుండ్రి."

కాలేదు. రేసు రోజు ఆటోలోంచే చూశాను, మలుపు నిండా కంకర. అక్కడే దిగిపోయి, చాయ్ బండి ఆమెను చీపురు అడిగి తీసుకుని, కొత్త చీర కొంగు నడుముకు దోపాను. సగం ఊడ్చానో లేదో, ఈల ఊదుకుంటూ ఒక వాలంటీరు వచ్చాడు.

"ఏయ్ అమ్మా, జరుగు! రేస్ షురూ అయితుంది. మల్ల ఊడ్చుకో."

"జెర ఆగు బిడ్డా, గీ మూల మిగిలింది."

"చెప్తే సమజ్ గాదా? నీ సూపర్‌వైజర్ ఎవరు?"

"సచ్చిపోయిండు."

వాడు నోట్లోంచి ఈల తీశాడు.

అప్పుడే స్తంభానికి కట్టిన మైకులో నన్ను స్టేజీ మీదికి పిలిచారు. రెండుసార్లు పిలిచారు. దూరమేం కాదు, పోవచ్చు. కానీ ఇంకా మూడడుగుల కంకర ఉంది. ఊడ్చాను.

"అమ్మగారు పానం బాగలేక రాలేకపోయిన్రు. శాలువా సార్ ఫొటోకే కప్పుతున్నం," అంది మైకు. చప్పట్లు వినబడ్డాయి.

కాసేపటికి సైకిళ్లు గుంపుగా వచ్చాయి. మలుపులో ఒరిగి, నా చీరకు గాలి కొట్టి పోయాయి. ఒక్కరూ జారలేదు.

"ఇంక పో అమ్మా," అన్నాడు వాలంటీరు, ఈసారి మెల్లగా.

"ఇంకెన్ని రౌండ్లున్నయ్?"

"నాలుగు."

ప్రతి రౌండుకూ టైర్లు అంచున ఉన్న కంకరను మళ్లీ రోడ్డు మీదికి లాగుతాయి. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరి మీద శాలువా ఉంది. నేను చీపురు కింద పెట్టలేదు.