గుట్ట ఎక్కకముందే చచ్చిపోయిన మెసేజ్

2023 వానాకాలం. జనగామలో మా మేడ మీది గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తున్నాను. ఆశా కార్యకర్తలు వాడే ఒక మెసేజింగ్ యాప్ బాగోగులు నావి.

ఒకరోజు ఫిర్యాదు వచ్చింది. భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గరి తండాలో ఒక గర్భిణికి బీపీ పెరిగింది. అంబులెన్స్ బండి కోసం యాప్‌లో మెసేజ్ పెట్టానని ఆశా కమలక్క అంటోంది. సర్వర్‌లో అలాంటిదేమీ లేదు. ఎదురుచూసి చూసి ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. తల్లీబిడ్డా దక్కారు. కానీ అబద్ధమాడిందని కమలక్కను పనిలోంచి తీసేయబోతున్నారు.

"సర్వర్‌ల లేదంటే ఆమె పంపనట్టే. ఆ ఫిర్యాదు టికెట్ మూసెయ్," అన్నాడు మా మేనేజర్.

నా పరీక్షల్లోనూ మెసేజ్‌లన్నీ చేరుతున్నాయి. అయినా కాలు ఒకచోట నిలవలేదు. ఒక మనిషి నోటికాడి కూడు పోతుంటే మూసెయ్యడమేమిటి? విసుగొచ్చి ఆ తండాకు బస్సెక్కాను.

"నువ్వు గూడ నన్ను నిలదీయనీకే వచ్చినవా?" అంది కమలక్క.

"లేదక్కా. రోజు ఎట్ల పంపుతవో గట్లనే పంపు. నేను చూస్త."

తండాలో సిగ్నల్ లేదు. ఆమె ఇంటింటికీ తిరుగుతూ, అక్కడికక్కడే రాసి 'పంపు' నొక్కేసింది. అవి ఫోన్‌లోనే క్యూ కట్టాయి, అంటే వరుసలో ఆగాయి. పని ముగిశాక ఇద్దరం గుట్టెక్కాం. సిగ్నల్ అందగానే క్యూ ఖాళీ అయింది.

"చూసినవా, పోయినయి. ఆ రోజు గూడ గిట్లనే పోయింది. ఫోన్లు చెయ్యొద్దు, యాప్‌లనే పెట్టాలె అని మా సార్లు అన్నరు గదా."

సర్వర్ చూస్తున్న సహోద్యోగికి ఫోన్ చేశాను. చివరివి తప్ప ఏవీ రాలేదు.

జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే గడువును టైమవుట్ అంటాం. మెసేజ్ ఫోన్ దాటాకే ఆ గడియారం తిరగాలి. మా యాప్‌లో మాత్రం 'పంపు' నొక్కగానే తిరుగుతోంది. గుట్ట ఎక్కేలోపు గడువు తీరి, మెసేజ్ చప్పుడు లేకుండా చెరిగిపోతోంది. నా గదిలోగానీ ఆఫీసులోగానీ సిగ్నల్ పోయిందెప్పుడు గనక, ఈ తప్పు మాకు దొరకడానికి! ఒళ్లు మండిపోయింది.

అక్కడి నుంచే మేనేజర్‌కు ఫోన్ చేశాను. తప్పు యాప్‌దేనని కమలక్క పై అధికారులకు రాసేదాకా వదల్లేదు. కమలక్క పని నిలిచింది. గడియారాన్ని సరిచేసి, చేరని మెసేజ్ ఎర్రగా కనిపించేలా పెట్టాం.

ఆ తర్వాత కూడా మెసేజ్ పెట్టినప్పుడల్లా ఆమె ఫోన్ చేసేది. "చేరిందా తమ్మీ?"

"యాప్ మంచిగైందక్కా. ఇగ ఫోనెందుకు?"

"యాప్ మంచిగైంది సరే. అబద్ధమాడిందన్న నోళ్లు మంచిగైనయా?"

ఇప్పుడు ఎవరి మెసేజ్ దొరక్కపోయినా, 'సర్వర్‌లో లేదు' అన్న దగ్గరే ఆగుతాను. 'పంపలేదు' అని మాత్రం అనను.